స్కూలు వాళ్ల 'రూబ్రిక్'కీ ఎర్రమట్టికీ ఏంటి సంబంధం?

ఫ్రిస్కో అమ్మ (థ్రెడ్ పెట్టినవారు)
మా వాడి స్కూల్లో ప్రాజెక్ట్ ఇచ్చినప్పుడల్లా దాంతోపాటు 'రూబ్రిక్' అని ఒక కాగితం పంపుతారు. ఏది ఎలా రాస్తే ఎన్ని మార్కులో గళ్లు గీసి ఉంటుంది. హైదరాబాద్‌లో మా అక్క కూతురి స్కూల్లో కూడా ఇప్పుడు ఇదే మాటట. ఆ మాట ఎక్కడిదా అని నిఘంటువు తీస్తే 'ఎర్రమట్టి' అని కనిపించింది! లాటిన్‌లో రుబెర్ అంటే ఎర్రనిదట, అక్కడి నుంచి వచ్చిందట. మట్టికీ మార్కులకీ లంకె ఏంటండీ? ఈ రుబెర్ ఇంకా ఎక్కడెక్కడ దూరి ఉందో తెలిసినవాళ్లు చెప్పండి.

పాతపుస్తకాల అంగడి
అది మన జాజేనమ్మా. గుడి గోడకి సున్నం పట్టీ పక్కన పూస్తామే, అదే ఎర్రమన్ను. రోమన్లు దాన్ని రుబ్రికా అన్నారు. చట్టాలు రాసేటప్పుడు శీర్షికలు ఆ రంగుతో, మిగతాదంతా నల్లగా రాసేవారు. పోనుపోను ఆ శీర్షికనే రుబ్రికా అన్నారు, తర్వాత ఏకంగా చట్టాన్నే అన్నారు.

ఆ తర్వాత మాట చర్చి పుస్తకాల్లోకి వెళ్లింది. ప్రార్థన పుస్తకంలో ఫాదరీ పైకి చదవాల్సిన మాటలు నల్లగా ఉంటాయి. ఇక్కడ మోకరిల్లాలి, ఇక్కడ చేతులెత్తాలి లాంటివి ఎర్రగా ఉంటాయి. అలా రూబ్రిక్ అంటే 'ఎలా చేయాలో చెప్పే సూచన' అయింది. మార్కులు ఎలా వేయాలో టీచరుకి చెప్పే కాగితం దాకా 20వ శతాబ్దంలో వచ్చింది. మట్టి పోయింది, ఎరుపూ పోయింది, సూచన ఒక్కటే మిగిలింది. మీవాడి కాగితం నలుపు తెలుపు ప్రింటే అయి ఉంటుంది కదా!

నాకు బాగా నచ్చేది ఇంకోటుంది. యూరప్ మఠాల్లో ఎర్ర అక్షరాలు రాయడానికి చాలాసార్లు వేరే మనిషి ఉండేవాడు. నల్ల సిరా రాతగాడు చోటు వదిలి పెట్టేవాడు, ఎర్రసిరా ఆయన వచ్చి నింపేవాడు. కొన్ని పుస్తకాల్లో ఆయన రానే లేదు. ఆ ఖాళీలు ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి. అచ్చుయంత్రం వచ్చిన కొత్తల్లో కూడా అలా చోటు వదిలి అచ్చేసిన పుస్తకాలున్నాయి. ఈ ఎర్ర శీర్షికల అలవాటు రోమన్లు కనిపెట్టిందీ కాదు. ఈజిప్టు వాళ్ల పపైరస్ చుట్టల్లో అంతకు చాలా ముందే ఉంది.

కబుర్ల కాకి
అయితే క్యాలెండర్‌లో ఆదివారం ఎర్రగా ఉండేది కూడా ఆ ఫాదరీల పుణ్యమేనా? మా ఆఫీసులో ఆ ఎరుపు చూసే బతుకుతున్నాం.

పాతపుస్తకాల అంగడి
చాలావరకు అంతే. చర్చి క్యాలెండర్లలో పండగలూ పునీతుల రోజులూ ఎర్రసిరాతో రాసేవారు. ఇంగ్లీషు వాళ్లు ముఖ్యమైన రోజుని 'రెడ్ లెటర్ డే' అనేది అందుకే.

గోడ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పడిపోయిన పాంపేయి ఊరి గోడల మీద ఎన్నికల రాతలు దొరికాయి. ఫలానా ఆయన్ని గెలిపించండి అని ఎరుపులోనూ నలుపులోనూ రాసినవి. ఫ్లెక్సీలు రాకముందు మన ఊళ్లలో గోడలు ఎలా ఉండేవో గుర్తున్నవాళ్లకి ఇది వింతగా అనిపించదు.

అమరకోశం మాస్టారు
అసలు సంగతి ఎవరూ ఎత్తలేదు. రుబెర్ మనకి చుట్టమే. సంస్కృతంలో రుధిరం, లాటిన్‌లో రుబెర్, గ్రీకులో ఎరుథ్రోస్, ఇంగ్లీషులో రెడ్, జర్మన్‌లో రోట్, లిథువేనియన్‌లో రౌడొనస్, వెల్ష్‌లో రుద్. అన్నీ ఒకే ధాతువు పిల్లలు.

ఇప్పుడు రుధిరం అంటే మనకి నెత్తురే. సంస్కృతంలో 'ఎర్రనిది' అనే అర్థం కూడా ఉంది, కుజుడికి రుధిరుడని పేరుంది. రోహిత, లోహిత శబ్దాలు కూడా ఈ ఇంటివే. హరిశ్చంద్రుడి కొడుకు ఐతరేయ బ్రాహ్మణంలో రోహితుడు, మన పద్యనాటకాల్లో లోహితాస్యుడు. లోహం అన్నా మొదట ఎర్రనిదే, అంటే రాగి. ఇనుము తర్వాత వచ్చి ఆ పేరు లాక్కుంది, చివరికి అన్ని లోహాలకీ అదే పేరయింది. రోహిణి అంటే ఎర్రనిది. ఆకాశంలో ఆ నక్షత్రాన్ని చూడండి, పాశ్చాత్యులు ఆల్డెబరాన్ అంటారు, నారింజ ఎరుపులో మెరుస్తుంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని తిట్టుకుంటాం గానీ ఆ పేరులో ఎండ లేదు, రంగే ఉంది.

రుధిరోద్గారి 83
నా హ్యాండిల్‌కి ఇన్నాళ్లకి ఒక గౌరవం! 1983 ఉగాదికి మొదలైన సంవత్సరం పేరు అది. మా తాతయ్య పంచాంగం చూసి 'నెత్తురు కక్కే ఏడాదిలో పుట్టావురా' అనేవాడు. దాని తర్వాతది రక్తాక్షి. వరసగా రెండూ ఎరుపే.

భారతీయం
మాస్టారూ, సూటిగా చెప్పండి. లాటిన్ వాళ్లు సంస్కృతం నుంచే తీసుకున్నారు కదా? రుధిర అనడం నోరు తిరగక రుబెర్ అన్నారు. ఇంత కనిపిస్తుంటే ఇంకా చుట్టరికం అంటారేంటి?

అమరకోశం మాస్టారు
నోరు తిరగకపోతే ఇష్టమొచ్చినట్టు తిరగాలి కదా నాయనా. ఇక్కడ ఒక పద్ధతి ప్రకారం తిరిగింది. మాట మధ్యలో సంస్కృతానికి 'ధ' ఉన్నచోట లాటిన్‌కి మామూలుగా 'ద' వస్తుంది. మధ్య అంటే లాటిన్‌లో మెదియుస్. అదే 'ధ' పక్కన ఉకారమో రకారమో ఉంటే 'బ' వస్తుంది. రుధిరకి రుబెర్ అలా వచ్చింది. ఆవు పొదుగుని సంస్కృతంలో ఊధస్సు, ఊధర్ అంటారు. లాటిన్‌లో అది ఊబెర్. (ట్యాక్సీ కాదు.) ఇంగ్లీషులో అడ్డర్. ఎక్కడ చూసినా ఇదే లెక్క.

ఇక సంస్కృతమే తల్లి అయితే గ్రీకు ఎరుథ్రోస్‌లో ముందున్న 'ఎ' ఎక్కడ నుంచి వచ్చింది? సంస్కృతంలో లేదు, లాటిన్‌లో లేదు, గ్రీకు మాత్రం దాచుకుంది. తల్లి దగ్గర లేనిది ఒక కూతురి దగ్గర ఉందంటే తల్లి వేరే ఎవరో ఉండాలి. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అనే ఇంగ్లీషు జడ్జి చెప్పింది కూడా ఇదే. ఈ మూడింటికీ మూలభాష ఒకటుండాలి, అది ఇప్పుడు లేకపోవచ్చు అన్నాడు.

భారతీయం
జోన్స్ చెప్తేనే నమ్మాలా? సరే కానివ్వండి.

బైపీసీ బ్యాక్‌బెంచ్
ఒక డౌట్. ఎర్ర రక్తకణాన్ని ఎరిత్రోసైట్ అని చదువుకున్నాం. ఎరిత్రో, ఎర్ర. ఎర్ర, ఎరిత్రో. ఇది చూసి నిద్ర పట్టట్లేదు. తెలుగు 'ఎర్ర' కూడా వాళ్ల చుట్టమేనా?

భారతీయం
అదిగో! దీనికి ఏ నియమం చెప్తారో చూద్దాం.

బసవనగుడి తెలుగోడు
ఆ ఎర్ర వేరు, ఈ ఎర్ర వేరు బ్రదర్. మనది పాత రాతలో ఎఱ్ఱ, బండి ఱ. ఎఱ్ఱన గారి పేరులో ఉన్నది అదే. గ్రీకు మాటలో ర తర్వాత ఉన్న థ్, మరో ర మనదాంట్లో లేవు. పైగా మన మాట సంస్కృతం ద్వారా వచ్చి ఉంటే ముందు 'ఎ' ఉండకూడదు, మాస్టారు చెప్పినట్టు అది అక్కడ లేదు. గ్రీకుల నుంచి నేరుగా ఎరుపు అనే మాటని అప్పు తెచ్చుకున్నామంటే, అంతవరకు మనవాళ్లు మిరపపండు... సారీ, మిరపకాయ అప్పటికి రాలేదు, మోదుగపువ్వుని ఏమని పిలిచేవాళ్లు? రెండు మాటలు కలిసినంత మాత్రాన బంధుత్వం కుదరదు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళం కన్నడాల కుటుంబమనీ ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి మద్రాసులో 1816లోనే చూపించాడు. క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా అచ్చయింది అది.

మనకి ఎరుపుకి ఇంకో దేశి మాట కూడా ఉంది, కెం. కెందామర, కెంజాయ, కెంగేలు. ఇక్కడ బెంగళూరులో ఎరుపు రంగుని కెంపు అనే అంటారు. తెలుగులో ఆ కెంపు నగల్లోకి వెళ్లిపోయి రాయి పేరుగా స్థిరపడింది. ఇంగ్లీషు రూబీ కథ కూడా అచ్చం ఇంతే. రుబెర్ నుంచి రుబీనుస్ అని మధ్యయుగపు లాటిన్ మాట, అంటే ఎర్రరాయి. ఫ్రెంచి మీదుగా రూబీ అయింది.

బైపీసీ బ్యాక్‌బెంచ్
ఓకే. కానీ నాకు ఇంకా అదోలా ఉంది 🙂

బందరు లడ్డు
ఎరుథ్రోస్ వచ్చింది కాబట్టి మా ఊరి మాట ఒకటి. గ్రీకులు మన పశ్చిమ సముద్రాన్నీ, ఆ చుట్టుపక్కల నీళ్లన్నిటినీ కలిపి ఎరుథ్రా సముద్రం అనేవాళ్లు, ఎర్రసముద్రం అని. క్రీ.శ. 1వ శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు ఆ సముద్రయానం మీద ఒక కరదీపిక రాశాడు. అందులో మసాలియా అనే చోట సన్నబట్టలు విస్తారంగా నేస్తారని ఉంది. అది మా బందరు ప్రాంతమేనని చరిత్రకారులు అంటారు. ఆఫ్రికాలో ఎరిట్రియా దేశం పేరు కూడా ఆ సముద్రం పేరే, 1890లో ఇటలీ వాళ్లు తమ వలసకి పెట్టారు.

బట్టల మాట కూడా. ఇంటర్‌లో రూబియేసి కుటుంబం చదివాం కదా, ఆ పేరు రుబియా అనే మొక్కది. యూరప్‌లో దాని వేరు నుంచి ఎర్ర రంగు తీసేవాళ్లు, అందుకే ఆ పేరు. మన మంజిష్ఠ అదే జాతి. మా వైపు కలంకారీ ఎరుపుకి వాడిన చిరివేరు కూడా ఆ కుటుంబమే! నూరువరహాల పూలు, అరకు కాఫీ, తొగరు చెట్టు, అన్నీ రూబియేసే. చిరివేరు రంగు ఉత్తినే బట్టకి పట్టదు, ముందు పటిక నీళ్లతో గీయాలి, గీసినచోటే ఎరుపు తేలుతుంది. పెడనలో ఇప్పుడు అందరూ చిరివేరు వాడరు. దొరకడం కష్టం, వేరే రంగులు వచ్చేశాయి.

కబుర్ల కాకి
అంటే పొద్దున్నే కాఫీ తాగినా రుబెరే. టెన్షన్ తగ్గింది.

లిస్బన్ లైన్
స్పెయిన్‌లో చదువుకుని ఇప్పుడు పోర్చుగల్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఈ రుబెర్ పిల్లలతో నేను పడ్డ తికమక వినండి.

లాటిన్‌లో రుబెర్ పక్కన రుబెయుస్, రుస్సుస్, రుస్సెయుస్ అని ఎర్రటి తమ్ముళ్లు ఉన్నారు. రుబెయుస్ నుంచి ఫ్రెంచి 'రూజ్' వచ్చింది, లిప్‌స్టిక్ వాళ్లకి తెలుసు. అదే రుబెయుస్ స్పానిష్‌లో 'రుబియో' అయింది. అర్థం ఎరుపు అనుకుంటారు కదా? కాదు, బంగారు రంగు జుట్టు! లేత రంగు బీరుని కూడా స్పెయిన్‌లో రుబియా అంటారు. అదే మాట పోర్చుగీసులో 'రుయివు', అంటే ఎర్రజుట్టు మనిషి.

ఇంకా ఉంది. రుస్సెయుస్ స్పానిష్‌లో 'రోహో', ఎరుపు. పోర్చుగీసులో 'రోషు', ఊదా! సరిహద్దు దాటితే ఎర్ర చొక్కా ఊదా చొక్కా అవుతుంది. ఒకప్పుడు ఇక్కడ కూడా రోషు అంటే ఎరుపే. జువావ్ ద కాస్ట్రో అనే పోర్చుగీసు ఆయన 1541లో ఎర్రసముద్రంలో తిరిగి రాసిన పుస్తకం పేరులో ఆ సముద్రం 'మార్ రోషు'. తర్వాత ఆయన గోవాకి వచ్చి పాలించాడు. ఇప్పుడు అదే మాటతో పిల్లలు వంకాయకి రంగు వేస్తారు. మరి ఎరుపుకి ఏమంటారంటే 'వెర్మేల్యు'. అది లాటిన్‌లో చిన్నపురుగు అనే మాట.

ఫ్రిస్కో అమ్మ
పురుగేంటండీ మధ్యలో!

లిస్బన్ లైన్
రంగు తీసే పురుగమ్మా. మధ్యధరా తీరంలో ఒకరకం ఓక్ చెట్లకి పట్టే కెర్మెస్ పురుగుని ఎండబెట్టి ఎరుపు తీసేవారు. వెర్మిలియన్ అనే మాట ఆ లాటిన్ చిన్నపురుగుదే. క్రిమ్సన్ అరబ్బీ 'కిర్మిజ్' నుంచి వచ్చింది. దాని వెనక సంస్కృతం 'కృమిజ' ఉందని చాలా నిఘంటువులు చెప్తాయి, అంటే క్రిమి నుంచి పుట్టినది. భారతీయం గారు దీనికి సంతోషించాలి. తొలకరికి మన చేలల్లో తిరిగే ఆరుద్ర పురుగు ఇది కాదు, దాన్ని వదిలేయండి పాపం.

వేములవాడ పిల్ల
ఎరుపు పోయి బంగారు జుట్టు అయ్యిందని ఆశ్చర్యపోతున్నరు గానీ మనం చేసేది ఏంది? పెండ్లిచూపులకు పోయొచ్చి 'పిల్ల ఎర్రగ ఉన్నది' అంటే ఎవరన్న కుంకుమ రంగు అనుకుంటరా? 'ఎర్రగా బుర్రగా ఉన్నాడు' అన్నా అంతే. ఒంటికి ఎరుపు అంటే మన దగ్గర తెలుపు అని. ఎర్రావు గోధుమ రంగులో ఉంటది. స్పెయిన్ వాళ్లు జుట్టుకు చేసింది మనం ఒంటికి చేసినం. ఆ మాటతోని ఎంతమంది ఆడపిల్లల సంబంధాలు తప్పిపోయినయో అది వేరే థ్రెడ్ పెట్టాలె.

లిస్బన్ లైన్
ఈ థ్రెడ్‌లో ఇదే బెస్ట్ పోస్ట్. ఇన్నేళ్లు రుబియో గురించి బుర్ర పట్టుకున్నాను, 'ఎర్రగా ఉంది'ని పక్కన పెట్టి చూడాలని తట్టలేదు.

అమరకోశం మాస్టారు
వేములవాడ అమ్మాయి చెప్పింది నిజం. రంగు మాట ఒంటరిగా ఉండదు, ఏ వస్తువు పక్కన నిలబడితే దాని లెక్కలో పడుతుంది. జుట్టులో ఎరుపుకి ఎదురు నలుపు. నల్లగా లేనిదల్లా అటువైపు పోయింది. ఒంటికీ అంతే. ఎర్రటెండలో అసలు రంగే లేదు, తీవ్రతే ఉంది.

రైతుబిడ్డ వట్లూరు
వ్యవసాయం వాళ్లం మేం కూడా ఉన్నామండీ. రుబెర్ బంధువు రోబీగో అని లాటిన్‌లో తుప్పు పేరు. ఇనుముకి పట్టే తుప్పూ అదే, గోధుమకి పట్టే తెగులూ అదే. మనం కూడా తుప్పు తెగులు అనే అంటాం, మినుముకి వస్తే కుంకుమ తెగులు అంటాం. ఆకు మీద వేలితో రాస్తే ఎర్రటి పొడి అంటుకుంటుంది. రోమన్లు ఆ తెగులుకి ఏకంగా ఒక దేవుణ్ని పెట్టుకుని, ఏటా ఏప్రిల్ 25న కుక్కని బలిచ్చి 'మా పైరు జోలికి రావద్దు' అని మొక్కేవాళ్లు. మందు లేని రోజుల్లో ఇంకేం చేస్తారు. పొలిమేర దేవతలకి మనవాళ్లు మొక్కింది కూడా ఇలాంటి వాటికే.

మా జిల్లాలో ఎర్రకాలువ ఉంది. రోమన్ సేనాని సీజర్ దాటిన రుబికాన్ నది కూడా ఎర్రకాలువేనంటారు, నిజమేనా?

పాతపుస్తకాల అంగడి
పేరు ఆ రంగుదేనంటారు, ఎర్రమట్టి నీళ్లు. క్రీ.పూ. 49 జనవరిలో సైన్యంతో దాటాడు. చూస్తే పెద్ద నదేం కాదు. ఏది అసలు రుబికాన్ అని ఇటలీ ఊళ్ల మధ్య చాలాకాలం తగువు నడిచింది. 1933లో ముసోలినీ ఫ్యుమిచీనో అనే ఏటికి ఆ పేరు ఖాయం చేశాడు. మీ ఎర్రకాలువ వరదల్లో దాన్ని మింగేస్తుంది.

స్టాఫ్ నర్స్ నెల్లూరు
రూబెల్లా జబ్బుని మర్చిపోయారు అందరూ. పిల్లలకి వేసే ఎం.ఆర్. టీకాలో 'ఆర్' అదే. చిన్న ఎరుపు అని అర్థం, ఒంటి మీద సన్నటి ఎర్ర దద్దుర్లు వస్తాయి కాబట్టి. ఆ పేరు పెట్టింది హెన్రీ వీల్ అనే బ్రిటిష్ సైనిక డాక్టర్, 1866లో. మన దేశంలో చూసిన కేసుల గురించి రాస్తూ పెట్టాడు. పేరు చిన్నదే గానీ గర్భిణికి మొదటి నెలల్లో వస్తే బిడ్డకి గుండె, చూపు, వినికిడి దెబ్బతింటాయి. తట్టు లాంటిదే కదా అని టీకా వాయిదా వేసే తల్లులు కనిపిస్తుంటారు. దయచేసి వాయిదా వేయకండి.

బైపీసీ బ్యాక్‌బెంచ్
కెమిస్ట్రీ తరఫున రుబీడియం. బున్సెన్, కిర్కాఫ్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు 1861లో కనిపెట్టారు. లోహం వెండిలాగే ఉంటుంది, ఎరుపు లేదు. వర్ణపటంలో రెండు ముదురు ఎర్రగీతలు కనిపించాయని ఆ పేరు పెట్టారు. ఏడాది ముందు ఇలాగే నీలం గీతలు చూసి సీజియం అన్నారు, అదీ లాటిన్ రంగు మాటే.

బందరు లడ్డు
ఎరుపు తరఫున చివరిది నాది. మినియేచర్ పెయింటింగ్ అంటే చిన్నది కాబట్టి ఆ పేరు అనుకుంటాం కదా? కాదు. లాటిన్‌లో మినియుం అంటే సీసం నుంచి చేసే ఎరుపు, మన సింధూరం. ఇంగిలీకాన్ని (పాదరసం తీసే ఎర్ర ఖనిజం) కూడా ఆ పేరుతోనే పిలిచేవాళ్లు. దాంతో పుస్తకాల్లో ఎర్ర అక్షరాలు దిద్దే పనిని మినియారె అనేవాళ్లు, అక్కడి నుంచి పుస్తకంలోని బొమ్మకి పేరొచ్చింది. ఆ బొమ్మలు చిన్నవి కావడంతో 'చిన్న' అనే అర్థం తర్వాత అంటుకుంది. అంగడి గారు చెప్పిన ఎర్రసిరా ఆయన పనే ఇది.

కబుర్ల కాకి
నాదీ ఒకటి. రుబాయీలు కూడా రుబెరేనా? మధువు ఎర్రగా ఉంటుంది కాబట్టి సెట్ అవుతుంది.

అమరకోశం మాస్టారు
కాదు. అరబ్బీలో నాలుగు అనే మాట అది. నాలుగు పాదాలు కాబట్టి రుబాయి.

కబుర్ల కాకి
రబ్బరు?

అమరకోశం మాస్టారు
అది ఇంగ్లీషులో రుద్దడం. పెన్సిల్ గీతలు చెరిపేవారు దాంతో. ఇంక పడుకో నాయనా.